నీళ్ళు తగ్గేదాకా ఆగిన ఊరు

పోయిన నెలలో ఒక ఉదయం దువ్వాడలో మా ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే ఫోను మోగింది. ఎవరో కిరణ్ అట. మా సొంత ఊరు ఊటవలసలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల సంఘానికి కార్యదర్శి. ఊరి మొదట్లో ఒక బోర్డు పెడుతున్నారట, దాని మీద ఊరి చరిత్ర పది లైన్లు ఉండాలట, ఆ ఊళ్ళో పుట్టి పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని నేనొక్కదాన్నే దొరికానట. "ఊరు ఏ సంవత్సరంలో పుట్టింది, ఏ రాజులు ఏలారు, స్వాతంత్ర్యం కోసం ఎవరైనా జైలుకెళ్ళారా, ఈ మూడూ ఉంటే చాలు మేడమ్" అన్నాడు. మా ఊళ్ళో ఎవరి వయసు వాళ్ళకే తెలీదు, ఇంక ఊరి వయసు ఎవరు చెప్పగలరు. ఏ రాజూ మా ఊరి ఏరు దాటి వచ్చిన దాఖలా లేదు. జైలుకెళ్ళినవాడు ఒకడున్నాడు గానీ అది పక్కింటివాళ్ళ కోడిపుంజు వ్యవహారం, బోర్డు మీద బాగుండదు. చూసి రాస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. చాలా ఏళ్ళుగా ఆ వైపు వెళ్ళలేదు కాబట్టి, రాసేముందు ఒకసారి ఊరి మొహం చూద్దామని మర్నాడే బయల్దేరాను.

ఆనందపురం జంక్షన్‌లో బస్సు దిగి ఆటో ఎక్కితే, డ్రైవరు "ఊటవలసంటే ఏ ఫేజమ్మా, ఒకటా రెండా" అని అడిగాడు. నేను పుట్టింది ఏ ఫేజులోనో నాకు తెలీదన్నాను. వంతెన దాటడానికి ఒక తుమ్ము తుమ్మేంత సేపు కూడా పట్టలేదు. ఆటో ఆపించి, దిగి, పిట్టగోడ మీంచి వంగి చూశాను. కింద తుంగా, గుర్రపుడెక్కా, రెండు గేదెలూ, ఎవరో పారేసిన సోఫా ఒకటీ ఉన్నాయి. నీళ్ళు మాత్రం లేవు. "ఎప్పుడూ ఇంతేనా" అని అడిగితే "వానాకాలం ఓ నాలుగు రోజులు తడి తగుల్తాదమ్మా" అన్నాడు. మా కాలంలో గెడ్డ ఉండేది, వంతెన లేదు. నాకు నవ్వొచ్చింది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను పేరు రాయమన్నాడు, ఫోన్ నంబరు రాయమన్నాడు, ఎవరి కోసం వచ్చారో, ఏ పని మీద వచ్చారో రాయమన్నాడు, ఫొటో కూడా తీశాడు. అంతా అయ్యాక దాహం వేసి మంచినీళ్ళు అడిగితే, ఎదురుగా షాపులో బాటిళ్ళు దొరుకుతాయని చెప్పాడు. పాపం అతని తప్పేం లేదు, అతని ఉద్యోగం అది. కానీ మా నాన్నమ్మ పైడమ్మ బతికుండి ఆ మాట వినుంటే, అతన్నే కూర్చోబెట్టి ముందు అన్నం పెట్టి, ఆ తరవాత తిట్టేది.

మా ఊరి పుట్టుక గురించి నాన్నమ్మ చెప్పే కథ ఒకటి ఉంది. మా వైపు చిన్న ఏటిని గెడ్డ అంటారు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఇసక, నాలుగు నెలలు పోటు. వెనకటికి ఎవరో ఒకాయన బండి కట్టుకుని పెళ్ళాంతో సహా ఎక్కడికో పోతూ గెడ్డ ఒడ్డుకి వచ్చేసరికి నీళ్ళు పోటెత్తాయట. తగ్గాక దాటుదామని బండి విప్పాడట. తగ్గేలోపల పెళ్ళాం ప్రసవించింది. పిల్ల ఏడుస్తుంటే ఖాళీగా కూర్చోలేక చోళ్ళు, అదే రాగులు, చల్లాడు. నీళ్ళు తగ్గాయి గానీ అప్పటికి చేను ఎన్ను మీద ఉంది. కోశాక వెళదామనుకున్నాడు. కోసేసరికి మళ్ళీ వానాకాలం. "ఆ బాబు అలగే ఉండిపోనాడే. ఎక్కడికెల్దామని బయల్దేరినాడో ఆడికే మర్సిపోనాది" అని ముగించేది నాన్నమ్మ. మా ఊరివాళ్ళ స్వభావం మొత్తం ఇందులోనే ఉంది. ఏ పనైనా నీళ్ళు తగ్గాక చూద్దామంటారు. పెళ్ళి సంబంధమైనా అంతే, పంటినొప్పయినా అంతే.

ఆ గెడ్డే మా ఊరికొక ఆచారం కూడా నేర్పింది. గెడ్డ దాటి వచ్చినవాడు ఎవడైనా సరే, ముందు వాడికి అన్నం పెట్టాలి, తరవాతే పేరూ ఊరూ అడగాలి. తినేముందు పేరడగడం మా ఊళ్ళో పెద్ద మర్యాదతక్కువ. ఎందుకని అడిగితే నాన్నమ్మ దగ్గర కారణం సిద్ధంగా ఉండేది. దాటి వచ్చినవాడు నిలువునా తడిసి వణుకుతుంటాడట, అప్పుడు పేరడిగితే పళ్ళు కొట్టుకుని వేరే పేరు చెప్తాడట. వేసవిలో పొడి ఇసక మీద నడిచి వచ్చినవాళ్ళకి కూడా అదే పద్ధతి. ఒకసారి అంబలి తాగించాక పేరడిగితే, ఆయన మా గేదెని తోలుకుపోవడానికి వచ్చిన జప్తు బంట్రోతు అని తేలింది. పాపం ఆయన అంబలి తాగినందుకు సిగ్గుపడి, గేదె దొరకలేదని రాసుకుని వెళ్ళిపోయాడు.

మా నాన్న పట్నంలో, వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల టోకు కొట్లో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. వారమంతా మిరప బస్తాల మధ్య మెలగడంతో ఆ ఘాటు ఆయన చొక్కాలోనే కాదు, ఒంట్లో కూడా ఇంకిపోయింది. ఆయన ఇంకా వీధి మలుపులో ఉండగానే ఇంట్లో అందరం తుమ్మడం మొదలుపెట్టేవాళ్ళం. మా ఆవు కూడా తుమ్మేది. అమ్మ ఆ మొదటి తుమ్ము వినే ఎసరు పెట్టేది. నాన్నమ్మ పెరట్లోంచే "గెడ్డలో మూడు మునకలేసి రారా" అని కేకేసేది గానీ, ఆయన చచ్చినా వెయ్యడు. నాన్నకి నీళ్ళంటే ప్రాణభయం. చిన్నప్పుడు గెడ్డలో కొట్టుకుపోతుంటే సింహాచలం మావ జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాడట. తన బట్టతలకి అదే కారణమని నాన్న చివరిదాకా వాదించాడు. సింహాచలం మావ మా ఊరందరిలోకీ పొడుగరి. వరసకి నాన్నకి బావ. వానాకాలంలో గెడ్డ ఎంత లోతుందో తెలియాలంటే ఆయన్ని దింపి చూసేవాళ్ళు. మావకి మొలలోతైతే మిగతావాళ్ళు దాటొచ్చు, గుండెలోతైతే ఆగిపోవాలి.

నా కష్టమంతా ఆ లోతు దగ్గరే వచ్చింది. మా ఊళ్ళో బడి అయిదో తరగతి వరకే. ఆరు చదవాలంటే గెడ్డకి అవతల ఉన్న హైస్కూలుకి వెళ్ళాలి. నేను అయిదు పాసైన రోజున నాన్న ఒక మాటన్నాడు. "వంతెన పడితే బడి. పడకపోతే నేదు." అది కోపంతో అన్నది కాదు, భయంతో అన్నది, అందుకే దాన్ని మార్చడం ఎవరి వల్లా కాలేదు. కోపమైతే నాన్నమ్మ రెండు రోజుల్లో దించేసేది. ఊళ్ళో అప్పటికి చదవడం వచ్చినవాళ్ళు మా బడి పంతులుగారూ నేనూ. ఆయన ఎండాకాలం సెలవులకి ఊరెళ్ళిపోతే నేనొక్కదాన్నే. పుట్టింటి నుంచి వచ్చిన కార్డులూ, కోర్టు కాగితాలూ, ఎరువుల బస్తా మీది రాతలూ అన్నీ మా అరుగు మీదకే వచ్చేవి. ఒక్కర్తిని కూర్చుని గట్టిగా చదివితే చుట్టూ ఇరవైమంది వినేవారు. ఆ పెద్దరికం రుచి మరిగిన పిల్లకి పొలంలో కలుపు తీయమంటే ఎలా ఉంటుంది. రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని ఏడ్చేదాన్ని. పగలు వంతెన ఎప్పుడొస్తుందని అందర్నీ పీక్కుతినేదాన్ని.

వంతెన కోసం ఊరు అప్పటికే రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. రెండుసార్లూ వేసవిలోనే ఇంజినీర్లు వచ్చారు. వానాకాలంలో వాళ్ళు రాలేరు కదా, గెడ్డ అడ్డం. మొదటాయన ఇసకలో నిలబడి "ఏదీ మీ గెడ్డ" అన్నాడు. "తమరు నిలబడ్డదే బాబూ" అన్నారు మావాళ్ళు. ఆయన కిందికి చూసి, చెప్పులో ఇసక దులుపుకుని వెళ్ళిపోయాడు. రెండో ఆయన అదీ అడగలేదు, జీపులోంచి దిగకుండానే దాటేసి, తిరిగి దాటేసి పోయాడు. మూడో ఇంజినీరు వస్తున్నాడని ఆ ఏడు కబురు తెలిసినప్పుడు సింహాచలం మావ ఊరందర్నీ కూర్చోబెట్టి లెక్క తేల్చాడు. "నీళ్ళున్నప్పుడు ఆలు రారు. ఆలొచ్చినప్పుడు నీళ్ళుండవు. మరేటి సెయ్యాల? ఆలొచ్చినప్పుడే నీళ్ళు తేవాల." ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్ళూ తట్టలేదే అని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఊరికి పైన గెడ్డ రెండు బండల మధ్య ఇరుకుగా పారేచోటుంది. రాళ్ళ నొక్కు అనేవాళ్ళం. వేసవిలో కూడా అక్కడ బొటనవేలంత ఊట ఉంటుంది. పదిహేను రోజులు ఊరంతా ఆ నొక్కుకి తాటిదుంగలు అడ్డం వేసి, కంపా గడ్డీ కుక్కి, బంకమట్టి మెత్తి గట్టు కట్టింది. సొంత చేలో గట్టు తెగితే నెలరోజులు చూసీచూడనట్టుండే మనుషులు, ఆ పదిహేను రోజులూ సూర్యుడికంటే ముందు లేచారు. అదృష్టం కొద్దీ రెండు గాలివానలు కూడా పడ్డాయి. నాన్నమ్మ నా నెత్తిన తట్ట పెట్టి "నీ సదువు ఈ మట్టిలోనే ఉంది, మొయ్యే" అంది. మోశాను. ప్రతి తట్టకీ బండ మీద బొగ్గుతో గీత గీసుకున్నాను, లెక్కల్లో నాకు మంచి మార్కులు వచ్చేవి మరి. పథకం ఏమిటంటే, ఇంజినీరు వచ్చే రోజున కల్లు గీసే గవరయ్య ఊళ్ళోకెల్లా పొడుగాటి తాటిచెట్టెక్కి కూర్చుంటాడు. ఆనందపురం దారిలో జీపు దుమ్ము కనబడగానే కేక వేస్తాడు. ఆ కేక విని గట్టు దగ్గరున్నవాళ్ళు అడుగు దుంగ లాగేస్తారు. జీపు ఒడ్డుకి వచ్చేసరికి గెడ్డ నిండా నీళ్ళు.

ఆ రోజు పొద్దున్నే మావా, మరో పదిమందీ బంతిపూల దండ పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. మా ఇంటి అరుగు మీదకి మాత్రం సన్నగా, నల్లగా ఉన్న ఒకాయన గొడుగు చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చేలకి అడ్డం పడి నడిచి వచ్చి, కాళ్ళ ఇసక దులుపుకుంటూ మంచినీళ్ళడిగాడు. నాన్నమ్మ పీట వేసింది. "అమ్మా, నా పేరు" అని ఆయన మొదలుపెట్టగానే "ముందు తిను బాబూ. పేరెక్కడికీ పోదు" అంది. చద్దన్నం, గట్టి పెరుగు, వేపిన నెత్తళ్ళ చేపలు పెట్టింది. రెండో ముద్ద దగ్గర "నేను పట్నం నుంచి" అన్నాడు. నాన్నమ్మ ఇంకో నాలుగు నెత్తళ్ళు వేసి ఆ నోరు కూడా మూసింది. ఇంక లాభం లేదని తెలుసుకుని ఆయన నావైపు తిరిగి ఏం చదువుతున్నావన్నాడు. అయిదు పాసయ్యానన్నాను. తొట్టి లెక్క ఒకటి వేశాడు, పైనించి నీళ్ళు పడుతుంటాయి, కింద చిల్లులోంచి పోతుంటాయి, ఎప్పటికి నిండుతుందని. వేళ్ళు మడిచి చెప్పేశాను. ఆయన మొహం విప్పారింది. "శభాష్. అడిగినదానికి తడుముకోకుండా ఉన్నదున్నట్టు చెప్పడమేనమ్మా చదువంటే" అన్నాడు. బయటి మనిషి నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నా కాళ్ళు నేల మీద లేవు.

ఆయన చెయ్యి కడుక్కున్నాక నాన్నమ్మ తుండుగుడ్డ అందిస్తూ "ఇప్పుడు సెప్పు బాబూ. ఏ ఊరు, ఏటి పని మీదొచ్చినావు" అంది. "జీపు ఆనందపురంలో చెడిపోయిందమ్మా, నడిచొచ్చాను. వంతెన సంగతి చూడ్డానికి వచ్చిన ఇంజినీర్ని" అన్నాడు ఆయన. నాన్నమ్మ నోరు తెరిచింది. ఆ నోరు మూతపడేలోపలే తాటిచెట్టు మీంచి గవరయ్య కేక వినబడింది, జీపొస్తోందని. వచ్చేది ఇటుకల లారీ అని గవరయ్యకెలా తెలుస్తుంది, దుమ్ముకీ దుమ్ముకీ తేడా ఉండదు కదా. నాన్నమ్మ వీధిలోకి పరుగెత్తి "ఒద్దురా గవరా, బాబు మనింట్లోనే ఉన్నాడు, ఆపండ్రా" అని అరిచింది గానీ అప్పటికే గట్టు దగ్గర దుంగ లాగేశారు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టయింది.

మేం ఒడ్డుకి చేరేసరికి చూడవలసిన దృశ్యం అది. గెడ్డ ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డుకి ఎర్రగా, కంపా గడ్డీ దొర్లించుకుంటూ పారుతోంది. మావాళ్ళు దండ ఎత్తి పట్టుకుని, అవతలి ఒడ్డున ఆగిన ఇటుకల లారీకి వంగి వంగి దండాలు పెడుతున్నారు. లారీ డ్రైవరు దిగి నీళ్ళని చూసి, ఆకాశాన్ని చూసి, దండని చూసి, ఎందుకైనా మంచిదని తనూ రెండు చేతులెత్తి దండం పెట్టాడు. అసలు ఇంజినీరు గొడుగు చంకలో పెట్టుకుని వీళ్ళ వెనకాల నిలబడి ఉన్నాడు. నాన్నమ్మ వెళ్ళి సింహాచలం మావ మోచెయ్యి గిల్లి "ఆ బాబు ఈ బాబేరా" అంది. మావ మనిషి పొడుగే కాదు, గుండె కూడా గట్టిదే. గిరుక్కున తిరిగి, అదే దండ ఇంజినీరు మెళ్ళో వేసి "సూసినారా బాబూ, ఎండాకాలంలోనే ఇలగుంతే వానాకాలంలో ఎలగుంతాదో మీరే సెప్పండి" అన్నాడు.

"గంట క్రితం నేను ఇందులోంచే నడిచి వచ్చాను. అప్పుడు పొడి ఇసక కదయ్యా" అన్నాడు ఇంజినీరు.

"గెడ్డంతే బాబూ. దాన్ని నమ్మకూడదు" అన్నాడు మావ.

ఇంజినీరు తలెత్తి చూశాడు. పైన మబ్బుతునక లేదు. చుట్టూ అందరి మొహాలూ చూశాడు. ఎవరి మొహం వాళ్ళు నీళ్ళకేసి తిప్పుకున్నారు. చివరికి ఆయన చూపు నా మీద ఆగింది. "ఏమ్మా, నువ్వు చెప్పు. ఈ నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి" అన్నాడు. ఆ క్షణంలో నాకు వంతెన గుర్తు లేదు, బడి గుర్తు లేదు. ఎదురుగా ఉన్నది లెక్క వేసిన మనిషి. అడిగినదానికి తడుముకోకూడదు. చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పేశాను. "రాళ్ళ నొక్కుకాడ గట్టు కట్టినాం బాబూ. పదేన్రోజులు కట్టినాం. నానొక్కదాన్నే నూటెనబై ఆరు తట్టలు మోసినాను. దుంగ లాగితే నీళ్ళొత్తాయి. లాగమన్నది సింవాచలం మావే." ఎవరూ అడక్కపోయినా, మావ వైపు వేలు పెట్టి కూడా చూపించాను.

 ఇంజినీరు మెళ్ళో దండతోనే ఒడ్డున కూర్చుని గొడుగు విప్పుకున్నాడు. మా ఊరి మూలపురుషుడి లాగే ఆయనా నీళ్ళు తగ్గేదాకా ఆగాడు. నాన్నమ్మ మధ్యలో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అబద్ధం సంగతి అబద్ధానిదే, మజ్జిగ సంగతి మజ్జిగదే. ఆయన తాగాడు. మధ్యాహ్నానికి గెడ్డ మళ్ళీ ఇసకైంది. చెప్పులు చేత్తో పట్టుకుని, దండ తీసి నా చేతికిచ్చి, వచ్చినదారినే నడుచుకుంటూ పోయాడు. ఆయన కనుమరుగయ్యాక సింహాచలం మావ నా ముందుకొచ్చి "నీ నోట్లో నువ్వుగింజ నానదేటే గుంటా" అన్నాడు. ఆ ఒక్క మాటా అని, ఇంక మాతో మాట్లాడ్డం మానేశాడు. ఊరు ఊరంతా మానేసింది. నూతి దగ్గర నేను చేద వేస్తే పక్కకి జరిగేవాళ్ళు. నాన్నమ్మ మాత్రం ఏమీ అనలేదు, కాకపోతే ఆ సెలవులన్నాళ్ళూ నా తల దువ్వడంలో అవసరానికి మించిన బలం వాడింది. నా బడి నేనే ముంచుకున్నానని నాకు తెలుసు. పైకి ఏడవడానికి కూడా మొహం లేదు.

వానలు మొదలైన వారానికి, ఒక ఆదివారం నాడు, తలారి సర్కారు కాగితం తెచ్చాడు. మామీద ఎంత కోపమున్నా, పంతులుగారు ఇంకా సెలవుల నుంచి తిరిగి రాకపోవడంతో చదివేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అందరూ మా అరుగు మీదకే రాక తప్పలేదు. మావ వచ్చి అరుగు కింద, నావైపు వీపు పెట్టి కూర్చున్నాడు. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. కవరు చించి ముందు మనసులో చదువుకున్నాను. వేసవిలో సదరు గెడ్డలో నీరు లేదనీ, కనిపించిన నీరు గ్రామస్థులే తెచ్చినదనీ, కాబట్టి వంతెన అక్కరలేదనీ ఉంది. ఇంక చివర, ఇందుకు పూనుకున్న పొడుగాటి వ్యక్తిని గట్టిగా మందలించాలనీ ఉంది. తలెత్తి చూస్తే ఇరవైమంది నా నోటికేసి చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కరికి కూడా అక్షరం రాదు. 'వంతెన మంజూరైంది' అని మూడు ముక్కలు చదివితే చాలు. నాన్న రేపే నన్ను బడికి పంపుతాడు. ఊరు నాతో మాట్లాడుతుంది. అది అబద్ధమని తేలేసరికి ఆరో తరగతి అయిపోతుంది కూడా. ఇప్పుడు గొప్ప కోసం చెప్పడం కాదు గానీ, నేను నిజం వైపు మొగ్గింది ధర్మం తెలిసి కాదు. కాగితం మీద లేనిది చదవబోతే నాలుక తిరగలేదు, అంతే. ఉన్నదంతా గట్టిగా చదివాను, పొడుగాటి వ్యక్తితో సహా. మావ వెనక్కి తిరగకుండానే "ఆ సివర్ది మళ్ళీ సదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. ఆయన తుండు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. నాన్న "అయితే అయిపోనట్టే" అని ఆవుకి గడ్డి వెయ్యడానికి పోయాడు. ఆ సాయంత్రం ఆయన నావైపు చూడలేకపోయాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాన్నంటే నాకు ఒళ్ళుమంటగా ఉండేది.

కిరణ్‌కి ఆ పది లైన్లూ నేనింకా రాసివ్వలేదు. వంతెన ఎప్పుడొచ్చిందో రాయొచ్చు, అది సులువే. నేను ఉద్యోగంలో చేరి, పెళ్ళయి, మా ఆయన ఉక్కు కర్మాగారం ఉద్యోగం వల్ల దువ్వాడలో స్థిరపడ్డాక, ఊటవలసలో లేఅవుట్లు వేసినవాళ్ళు అడిగితే ఆరునెలల్లో వచ్చింది. ఈసారి గెడ్డలో నీళ్ళున్నాయా అని ఎవరూ చూడనే లేదు. ఆ వంతెన బాగుంది, దాని మీద నాకే కోపమూ లేదు. కానీ ఊరి చరిత్రంటే నాకు అది గుర్తు రాదు. ఆ కాగితం చదివిన మర్నాటి సోమవారం గుర్తొస్తుంది.

ఆ రోజే హైస్కూలు తెరిచేది. నాన్న ఎంత చెప్పినా వినకుండా నాన్నమ్మ నాకు ఉతికిన గౌను తొడిగి, సంచి భుజానికి తగిలించి ఒడ్డుకి తీసుకొచ్చింది. దాటడానికి కాదట, ఊరికే చూడ్డానికట. నాన్న వన్ టౌన్ వెళ్ళాలి కాబట్టి బట్టలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ గుటకలు మింగుతున్నాడు. ముందురోజు వానకి గెడ్డ బాగానే లేచింది. అప్పుడు సింహాచలం మావ ఎక్కణ్ణించి వచ్చాడో, పంచె ఎగగట్టి, మా ఎవరి మొహమూ చూడకుండా నీళ్ళల్లోకి దిగి లోతు చూసి వచ్చాడు. మొలలోతు. వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని వీపు చూపించి "ఎక్కు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నాన్న "ఒద్దు బావా" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకుని నా ఎనకాల రా బావా. నిన్ను జుట్టట్టుకుని లాగినోడిని నాను. దీనికి జుట్టింకా ఎక్కువే" అన్నాడు మావ. తరవాత నాన్నమ్మ కేసి తిరిగి, కోపం ఏమాత్రం తగ్గించకుండా అన్నాడు. "నిన్న ఆ కాయితంలో నన్ను తిట్టింది గూడా దాసుకోకుండా సదివింది. ఊరికి అలగటి మనిసొకర్తి కావాల. రేపు కోర్టోలు పంపిన కాయితం నాకు నచ్చేలాగ సదివితే నా భూవెక్కడుంతాది?"

 నాన్నమ్మ నా సంచి తీసి మావ మెళ్ళో తగిలించింది. నేను ఎక్కి కూర్చున్నాను. ఆయన నీళ్ళల్లో అడుగు పెట్టాడు. వెనకాల నాన్న మూటతో దిగాడు, దిగుతూనే తుమ్మాడు. నీళ్ళు మావ మొలకి తగిలి రెండుగా చీలి పోతున్నాయి. ఆయన పాదంతో ఇసక తడుముకుంటూ ఒక్కో అడుగే వేస్తున్నాడు, ఒక్కో అడుగుకీ నన్ను ఏదో ఒకటి అంటున్నాడు. నడిగెడ్డకి వచ్చాక ఆగాడు.

"ఏలే గుంటా. ఆ ఇంజినీరుబాబు రేపు మళ్ళీ వచ్చి అడిగితే ఏటి సెప్తావ్?"

కిందికి చూశాను. ఎర్రనీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఒడ్డు రెండువైపులా సమానదూరంలో ఉంది. అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు ఉండదని నాకు తెలిసింది.

"అదే సెప్తాను మావా" అన్నాను.

ఆయన కదల్లేదు. వెనక నాన్న కూడా కదల్లేదు.  మావ ఒంట్లోంచి ఒక పెద్ద ఊపిరి లేచి నా పొట్టకి తగిలింది.

"సర్లే. అయితే గట్టిగా పట్టుకో" అని, నడవడం మొదలుపెట్టాడు.